గడియ లోపలివైపే

మా మేనత్త అసలు పేరు కరెంటు బిల్లు మీద తప్ప ఇంకెక్కడా కనిపించదు. ఊరంతా ఆమెను కత్తెరమ్మ అంటుంది. కుట్టుపని చేస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చిందని కొందరు, ఆమె నోటిని చూసి పెట్టారని మరికొందరు చెబుతారు. ఆమెనే అడిగితే, "రెండూ ఒకే సానరాయి మీద పట్టించుకున్నా" అంటుంది.

స్కూలుకి ఎదురుగా, చెప్పుల కొట్టుకీ జిరాక్సు షాపుకీ మధ్య ఇరుక్కున్న గది ఆమె దుకాణం. రెండు మిషన్లు, ఒక కోత బల్ల, మేకులకు వేలాడే కాగితపు కత్తిరింపులు. స్కూలు పిల్లలందరికీ యూనిఫారాలు కుట్టేది ఆమే. నేను కాలేజీ మానేసిన రోజునుంచీ రెండో మిషను నాది. ఎందుకు మానేశావని అడగని మనిషి మా చుట్టాల్లో ఆమె ఒక్కతే. "కూర్చో, కాజాలు కుట్టు" అంది, అంతే.

కోత బల్ల కింద ఒక రేకు పెట్టె ఉంది. కాళ్ళు పెట్టుకోవడానికి అడ్డమే అయినా దాన్ని అక్కడినుంచి కదలనివ్వదు. మా తాత, అంటే ఆమె నాన్న, ఒక నాటక సమాజానికి దర్జీ. ఆయన వెంట ఊరూరా తిరగాల్సి వచ్చి అత్త ఐదో తరగతితో చదువు ఆపేసింది, అదీ ఎదురుగా ఉన్న ఈ స్కూల్లోనే. ఆ సమాజం ఇరవయ్యేళ్ళు ఎక్కువగా ఆడింది ఒకే నాటకం, 'దుర్గరక్షణ'. ఒకప్పుడు అది అందరికీ తెలిసిన చారిత్రక నాటకం. రాజు యుద్ధంలో చనిపోతాడు. శత్రురాజు వచ్చి కోటను నలభై రోజులు ముట్టడిస్తాడు. మంత్రులంతా తాళాలు ఇచ్చేద్దామంటారు. రాణి ఒక్కతే ఒప్పుకోదు. ఆఖరి రంగంలో శత్రురాజు బయటి గోడ పగలగొట్టి, లోపలి తలుపు ముందు నిలబడి తాళాలు అడుగుతాడు. అప్పుడు రాణి అంటుంది: "కోట గెలిచావేమో రాజా, గడియ మాత్రం లోపలివైపే ఉంటుంది." తెర పడిపోతుంది. తర్వాత ఏమైందో నాటకం చెప్పదు.

అత్త ఆ నాటకాన్ని ఎప్పుడూ ఎదురుగా కూర్చుని చూడలేదు. పక్క తెర చాటున, దారం ఎక్కించిన సూదితో నిలబడి చూసింది. రెండో అంకంలో సేనాపతి "ఇది నా తండ్రి ఖడ్గం" అని మోకాలు వంచగానే తొడ దగ్గర కుట్టు విడిపోతుంది. మూడో అంకంలో రాణి కిరీటం విసిరేటప్పుడు చంక దగ్గర చిరుగుతుంది. వాళ్ళు లోపలికి వచ్చి మళ్ళీ బయటికి వెళ్ళేలోపు కుట్టెయ్యాలి. అందరూ నాటకాన్ని మాటలతో గుర్తుపెట్టుకుంటే అత్త చిరుగులతో గుర్తుపెట్టుకుంది. ఇప్పటికీ ఏ చిరుగు దగ్గర మొదలుపెట్టమన్నా అక్కడినుంచి చివరిదాకా అప్పజెబుతుంది.

ఆ సమాజంలో మా తాత పెట్టిన నియమం ఒకటుంది. మఖమల్ ఖరీదు కాబట్టి దుస్తులకు ముందువైపే మఖమల్, జరీ. వెనకవైపు పాత దుప్పటి గుడ్డ. చూసేవాళ్ళకు అది తెలియకూడదు. అందుకని ఎంత పెద్ద రాజైనా, ఎంత కోపంతో వెళ్ళిపోతున్నా, వీపు చూపించకూడదు. ముఖం జనం వైపే పెట్టుకుని, పీతలా పక్కకు నడుస్తూ నిష్క్రమించాలి. పొరపాటున వెనక్కి తిరిగినవాడి చెవి తాత చేతిలో ఉండేది. ఆ సమాజం మూతపడినప్పుడు మిగిలిన దుస్తులే ఆ రేకు పెట్టెలో ఉన్నాయి.

డిసెంబరులో స్కూలు వాచ్‌మన్ గుండీ పెట్టించుకోవడానికి వచ్చి ఒక కబురు చెప్పాడు. వార్షికోత్సవం అవగానే హాల్లో ఉన్న స్టేజీ పగలగొట్టి, అక్కడ పరీక్షల గదులు కడతారట. అత్త సూది ఆపింది. ఆ స్టేజీ మీద వాళ్ళ సమాజం ఆడింది. ఆ తెర కుట్టింది తాత. గుండీ సగం కుట్టిన చొక్కా వాచ్‌మన్ చేతికి ఇచ్చేసి, టేపు మెడలోనే ఉంచుకుని రోడ్డు దాటింది. మిగతా సగం నేను కుట్టాను.

తిరిగొచ్చాక ఆమె చెప్పిందాన్ని బట్టి, ప్రిన్సిపాల్ మేడం యూనిఫారాల గురించి వచ్చిందనుకుని కుర్చీ వేయించింది. స్టేజీ పోయేలోపు దానిమీద పిల్లలతో 'దుర్గరక్షణ' ఆడించాలని చెప్పగానే నవ్వింది. నాలుగు గంటల నాటకం ఎవరు చూస్తారంది. డాన్సైతే ఒక పాటకి ముప్పైమంది పిల్లలు కనిపిస్తారు, ముప్పై జతల తల్లిదండ్రులు సంతోషిస్తారు, నాటకంలో పట్టుమని పదిమంది ఉండరంది. ఈ కాలం పిల్లలకి ఆ భాష నోరు తిరగదంది. ఆఖరిమాటగా, రెండు లైన్లు కూడా గుర్తుపెట్టుకోలేరు వీళ్ళు అంది.

"అదొక్కటే కదా అడ్డం?" అని అడిగిందట అత్త.

మేడం మర్యాదకి అవునంది. అక్కడ ఆమె చేసిన పొరపాటు అదే.

వచ్చే సంవత్సరం యూనిఫారాలకు డిసెంబరు చివర్లోనే కొలతలు తీస్తాం. స్టాఫు రూము పక్కన వరండాలో అత్త నిలబడుతుంది, నేను బల్ల మీద పుస్తకం పెట్టుకుని రాస్తాను. పిల్లలు ఒక్కొక్కరే వస్తారు. చేతులు చాపి, గడ్డం ఎత్తి, నిటారుగా నిలబడతారు. అలా నిలబడ్డవాళ్ళు ఎవరైనా సరే కొంచెం రాజుల్లాగే ఉంటారు, ఆ సంగతి అత్తకి ముందే తెలుసు.

"ఊపిరి పీల్చు. ఆపు. ఇప్పుడు నేను చెప్పింది చెప్పు" అనేది.

ఛాతీకి ఒక మాట, నడుముకి ఒక మాట, పొడుగుకి ఒక మాట. సరిగ్గా చెప్పేదాకా టేపు తీసేది కాదు. తప్పు చెబితే మళ్ళీ కొలిచేది. లైనులో వెనకున్నవాళ్ళు వింటూ ముందే నేర్చేసుకునేవాళ్ళు. ఆరో తరగతి మంత్రుల మాటలు నేర్చుకుంది, ఏడో తరగతి సేనాపతివి, ఎనిమిదో తరగతి రాణివీ శత్రురాజువీ. అటు అంకెలు, ఇటు మాటలు కలిసి నా బుర్ర తిరిగింది. "ముట్టడికి నలభై రోజులు" అని ఆమె అంటుండగా ఒక ఆరో తరగతి బక్కోడి నడుము గడిలో నలభై అని రాసేశాను. తర్వాత ఆ నిక్కరులో వాడూ వాడి తమ్ముడూ కలిసి పట్టారు.

వారం రోజుల్లో కొలతలు అయిపోయాయి. అత్త ఏమీ ఎరగనట్టు దుకాణంలో కూర్చుని కాలర్లు కత్తిరించుకుంటూ ఉంది. బాంబు పేలింది మంగళవారం, మూడో పీరియడ్లో.

లెక్కల మాస్టారు పరీక్ష పేపర్లు పట్టుకుని ఎనిమిదో తరగతికి వెళ్తే తలుపు లోపలినుంచి వేసి ఉంది. తట్టాడు. తియ్యమన్నాడు. ప్రిన్సిపాల్‌కి చెబుతానన్నాడు. లోపలినుంచి ఒక ఆడపిల్ల గొంతు, వణుకూ తొణుకూ లేకుండా వచ్చింది: "కోట గెలిచావేమో రాజా, గడియ మాత్రం లోపలివైపే ఉంటుంది." వెనకాల నలభైమంది బల్లలు చరిచారు.

ఆ పిల్ల చివరి బెంచీలో కూర్చునే పొడుగమ్మాయి. అప్పటిదాకా క్లాసులో ఆ పిల్ల గొంతు హాజరు పలికేటప్పుడు తప్ప ఎవరూ వినలేదని లెక్కల మాస్టారే తర్వాత చెప్పాడు.

అత్తని పిలిపించారు. కొలతల పుస్తకం తెమ్మన్నారని నేనూ వెళ్ళాను. ఆ గదిలో మేడంతోపాటు కరస్పాండెంట్ కూడా ఉన్నాడు. స్కూలు ఆయనది. తెల్లచొక్కా, జేబులో రెండు పెన్నులు, మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ళని కాకుండా గోడ గడియారాన్ని చూస్తాడు. పిల్లలకి ఏం నేర్పావని ఆయన అడిగాడు. "రెండు లైన్లు గుర్తుండవన్నారు, రెండొందలు గుర్తున్నాయి. ఏ పిల్లనైనా పిలిచి అడగండి" అంది అత్త. మేడం తల దించుకుని టేబులు మీద కాగితాలు సర్దింది. ఆమె నవ్వు ఆపుకుంటోందని నాకు అనుమానం.

"చూడమ్మా, యూనిఫారాల పని నీకిచ్చింది నేను" అన్నాడు కరస్పాండెంట్.

"తీసేసుకోండి సార్. బట్టలు ఎవరైనా కుడతారు. ఈ నాటకం ఊళ్ళో నా ఒక్కదానికే వచ్చు. నేను పోతే అదీ పోతుంది, స్టేజీ ఎలాగూ పోతోంది."

ఆయన మొదటిసారి గడియారం మీద నుంచి చూపు తిప్పాడు. మేడమే నోరు విప్పింది. పిల్లలు ఎలాగూ నేర్చుకున్నారు కదా, ఒక పాతిక నిమిషాలు ఇద్దాం సార్, తల్లిదండ్రులకి కొత్తగా ఉంటుంది అంది. ఆ మాట అనడానికి ఆమెకి ధైర్యం కావాల్సి వచ్చిందని ఆమె చేతిలో నలిగిన కాగితమే చెప్పింది.

కరస్పాండెంట్ ఒక షరతు పెట్టాడు. ఆ గడియ మాట స్టేజీ మీద వినపడకూడదు. పిల్లలకి మొండితనం నేర్పే ముగింపు ఈ స్కూల్లో కుదరదు. చివర్లో రాణి నమస్కారం పెట్టి తాళాలు శత్రురాజుకి ఇచ్చెయ్యాలి. రాజీ. శాంతి. అందరూ చప్పట్లు. అలాగైతే ఆడండి, లేకపోతే నాటకమూ లేదు, యూనిఫారాలూ లేవు.

అత్త టేపుని వేలికి చుట్టుకుంటూ కాసేపు ఆలోచించింది.

"తాళాలిస్తే చాలు కదా సార్?"

"ఇస్తే చాలు."

"ఇస్తుంది" అంది.

రోడ్డు దాటేదాకా నేను పళ్ళు బిగబట్టుకుని నడిచాను. దుకాణంలోకి రాగానే కడుపులో ఉన్నదంతా కక్కేశాను. ఇన్నేళ్ళు ఆ పెట్టెని కాళ్ళకి తగిలించుకుంటూ కూర్చున్నది ఇందుకా? ఆఖరి మాట తీసేస్తే ఆ నాటకంలో ఇంక ఏముంది, నాలుగు మీసాలు, రెండు కత్తులు తప్ప? తాత ఉంటే నీ చెవి మెలిపెట్టేవాడు అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

ఆమె దారం పళ్ళతో కొరికి తెంపింది.

"ఒరేయ్, నువ్వు కోపం వచ్చి కాలేజీ నుంచి లేచొచ్చేశావు. వాళ్ళకేం పోయింది? నీ బెంచీ మీద ఇంకొకడు కూర్చున్నాడు. నేను లేచి రాను. నాకు స్టేజీ కావాలి. నోరు మూసుకుని కాజాలు కుట్టు."

నేను రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. కాజాలు మాత్రం కుట్టాను.

రిహార్సళ్ళు సాయంత్రం బడి వదిలాక హాల్లో జరిగాయి. నాలుగు గంటల నాటకాన్ని ఆమె పాతిక నిమిషాలకు కత్తిరించింది. పెద్దవాళ్ళ చొక్కాని పిల్లాడికి సరిపెట్టినట్టు, మెడ, భుజాలు చెడకుండా, పొడుగు మాత్రం తగ్గించి. పొడుగమ్మాయి రాణి. శత్రురాజుగా లెక్కల్లో ఫస్టు వచ్చే గుండ్రటి పిల్లాడు, వాడికి చెప్పింది చెప్పినట్టు చెయ్యడం తప్ప ఇంకోటి తెలీదు. ముందుగా నేర్పింది నడక. వీపు చూపించకండి, పీతలా నడవండి, తిరిగారంటే చెవి నా చేతిలో ఉంటుంది. పిల్లలు నెలరోజులు వరండాల్లో కూడా పక్కకే నడిచారు. కరస్పాండెంట్ ఒకరోజు వచ్చి చివరి రంగం చూశాడు. రాణి నమస్కారం పెట్టి తాళాలిచ్చింది. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు.

దుస్తులు పది రోజుల ముందు మొదలుపెట్టాం. రేకు పెట్టె తెరిస్తే సగం చిమటలు తిన్నాయి. మిగిలిన మఖమల్ ఎర్రగా, బరువుగా, ఇంకా మెత్తగానే ఉంది. నేను మంత్రుల పాగాలు కుడుతూ ఆమె మిషను వైపు చూస్తే రాణి దుస్తులు తప్పుగా కనిపించాయి. ముందువైపు స్కూలు యూనిఫారాల్లో మిగిలిన నీలిగళ్ళ ముక్కలు అతికించింది. మఖమల్ అంతా వెనకభాగానికి టాకాలు వేసి ఉంది.

"అత్తా, తిరగేసి కుడుతున్నావు" అన్నాను.

"నీకు కళ్ళు బాగానే కనిపిస్తున్నాయి" అంది, మిషను ఆపకుండా.

తర్వాత సేనాపతివి, సైనికులవి, మంత్రులవి. అన్నిటికీ ముందు నీలిగళ్ళు, వెనక మఖమల్. గుడ్డ చాలని చోట జరీ పట్టీ, అదీ చాలని చోట పాత తెర అంచు. శత్రురాజు దుస్తులొక్కటే మా తాత పద్ధతిలో, ముందువైపు మెరుపు, వెనక దుప్పటి. నేను ఇంకేమీ అడగలేదు. అడిగితే చెప్పే మనిషి కాదు.

వార్షికోత్సవం రోజు హాలు కిక్కిరిసిపోయింది. ముందు వరసలో సోఫాలో కరస్పాండెంట్, పక్కన ముఖ్య అతిథి. ఆరు డాన్సుల తర్వాత మా వంతు. అత్త పక్క తెర చాటున, దారం ఎక్కించిన సూదితో నిలబడింది. నేను తెర తాడు పట్టుకున్నాను.

తెర లేవగానే జనం గుసగుసలాడారు. రాణి యూనిఫారంలో ఉందేమిటని ఎవరో తల్లి పైకే అంది, వెనక వరసల్లో నవ్వులు. మంత్రులూ సైనికులూ అందరూ నీలిగళ్ళే. శత్రురాజు ఒక్కడే ధగధగా మెరుస్తున్నాడు. కానీ పిల్లలు మాటలు మొదలుపెట్టాక నవ్వులు తగ్గాయి. సేనాపతి మోకాలు వంచినప్పుడు కుట్టు నిజంగానే విడిపోయింది. వాడు పీతలా పక్కకు రాగానే అత్త నాలుగు పోట్లు పొడిచి తిరిగి పంపింది. ఆ నిమిషంలో ఆమె ముఖం చూస్తే నలభై ఏళ్ళు ఎటో పోయినట్టున్నాయి.

ఆఖరి రంగం వచ్చింది. శత్రురాజు తాళాలు అడిగాడు. హాలు నిశ్శబ్దమైంది, ఎందుకంటే పెద్దవాళ్ళలో చాలామందికి ఆ తర్వాతి మాట తెలుసు. ముసలివాళ్ళ పెదవులు అప్పటికే కదులుతున్నాయి. రాణి ఆ మాట అనలేదు. నమస్కారం పెట్టింది. తాళాలగుత్తి వాడి చేతిలో పెట్టింది. కరస్పాండెంట్ చప్పట్లకి చేతులు ఎత్తాడు.

పొడుగమ్మాయి వెనక్కి తిరిగింది.

పక్కకు కాదు, పూర్తిగా తిరిగింది. జనానికీ, ముందు వరసకీ, గెలిచిన రాజుకీ వీపు చూపించి నిలబడింది. మెడ నుంచి మడమల దాకా ఎర్ర మఖమల్, అంచంతా జరీ. ఆ వీపు నడుమ బంగారు దారంతో ఒక తలుపు, తలుపుకి అడ్డంగా గడియ. అది ఎప్పుడు కుట్టిందో నాక్కూడా తెలియదు. తర్వాత సేనాపతి తిరిగాడు. మంత్రులు తిరిగారు. సైనికులు ఒకరి తర్వాత ఒకరు తిరిగారు. దీపాల వెలుగులో ఆ వీపులన్నీ మండుతున్నట్టున్నాయి. రాణి లోపలికి నడిచింది, ఏ తొందరా లేకుండా. వాళ్ళంతా ఆమె వెనకే నడిచారు.

స్టేజీ మీద శత్రురాజు ఒక్కడే మిగిలాడు. ఈ భాగం అత్త వాడికి చెప్పలేదు. వాడు చేతిలో తాళాలు చూసుకున్నాడు, ఖాళీ స్టేజీ చూశాడు, మా వైపు తిరిగి, వేషం అంతా మర్చిపోయి తన మామూలు గొంతుతో అడిగాడు.

"ఇప్పుడు నేనేం చెయ్యాలి?"

హాలు బద్దలైంది. నవ్వా, చప్పట్లా, రెండూనా చెప్పలేను. నాలుగో వరసలో ఒక ముసలాయన లేచి నిలబడి, ఆ పోయిన మాటని తనే పెద్ద గొంతుతో అనేశాడు. ఇంకో పదిమంది అందుకున్నారు. గడియ మాట ఆ రోజు స్టేజీ మీద ఎవరూ అనలేదు. షరతు షరతులాగే ఉంది. కరస్పాండెంట్ ఎత్తిన చేతులు ఎత్తినట్టే ఉండిపోయి, చుట్టూ అందరూ కొడుతున్నారు కాబట్టి ఆఖరికి ఆయన కూడా కొట్టాడు. తెర లాగమని అత్త నా వీపు మీద ఒక్కటి చరిచింది.

ఏప్రిల్లో స్టేజీ పగలగొట్టారు. మిగిలిన యూనిఫారాల పని ఏదో రెడీమేడ్ కంపెనీకి ఇచ్చారు. దుకాణం చిక్కిపోయింది. ఒక మిషను అమ్మేశాం, నాదే. నేనిప్పుడు చేత్తో కాజాలు కుడుతున్నాను. పశ్చాత్తాపం ఏమైనా ఉందా అని ఒకసారి అడిగాను. "ఉంది. సేనాపతి తొడ దగ్గర రెండు కుట్లు ఎక్కువ వెయ్యాల్సింది" అంది.

జూన్‌లో స్కూలు తెరిచిన వారానికి ప్రిన్సిపాల్ మేడం దుకాణానికి వచ్చింది, జాకెట్టు కుట్టించుకోవడానికి. కొత్త కంపెనీ నిక్కర్లు అప్పుడే చిరుగుతున్నాయని చెప్పింది. అత్త విననట్టే టేపు తీసింది. చేతులు చాపమంది. మేడం చాపింది, గడ్డం ఎత్తి నిటారుగా నిలబడింది. అత్త ఛాతీ కొలిచింది, నేను రాశాను. నడుము కొలిచేటప్పుడు టేపు అక్కడే పట్టుకుని ఆగింది.

"ఊపిరి పీల్చండి. ఇప్పుడు చెప్పండి."

మేడం ఒకసారి తలుపు వైపు చూసింది. రోడ్డు అవతల స్కూలు గేటు తెరిచే ఉంది. తర్వాత, మెల్లగానే అయినా ఒక్క అక్షరం తప్పకుండా, గడియ మాట మొత్తం చెప్పింది.

అత్త టేపు వదిలి, "ముప్పై రెండు" అని నాకు చెప్పింది.